తిరగేసిన తోపడా

ఫిబ్రవరి 8, శనివారం

ఈరోజు ఉదయగిరిలో ఒక నేరం చూశాను.

నాయన చేసిన తలుపులు దించడానికి ఆత్మకూరు నుంచి ఆటోలో వెళ్ళాం. దించేశాక నాయన టీ తాగుతుంటే నేను దుర్గం దారిలో అలా నడిచాను. ఆదినారాయణ పాతసామాన్ల కొట్టు ముందు బల్ల మీద వడ్రంగులు చిత్రిక పట్టే తోపడా ఒకటి ఉంది. నల్లతుమ్మ దిమ్మ. చెయ్యి ఆనే చోట అరిగి గుంత పడింది. ఒక మనిషి బతుకంతా తోస్తే తప్ప కర్ర అలా అరగదు. దిమ్మ ఎడమ పక్క మేక కన్ను లాంటి ముడి. ఎన్ని తలుపులు, ఎన్ని మంచాలు, ఎన్ని నాగళ్ళు చిత్రిక పట్టి ఉంటుందో! అటువంటి పనిముట్టు నోట్లో, బ్లేడు ఉండాల్సిన చోట, ప్లాస్టిక్ గులాబీలు గుచ్చి ఉన్నాయి.

"ఏందిది?" అన్నాను.

"పూలకుండీ అబ్బయా. హోటళ్ళోళ్ళు తీసకపోతుండారు. రిసెప్షన్లో పెడితే యమా క్లాసుగా ఉంటాది."

"ఇది పనిముట్టు!"

"ఒకప్పుడు. ఇప్పుడు యాంటిక్" అన్నాడు ఆదినారాయణ. "రాయల కాలం నాటిది. దుర్గం మీద తలుపులన్నీ దీంతోనే చేసినారు."

బ్లేడు ఏదని అడిగితే లోపలి నుంచి ఒక తుప్పు ముద్ద తెచ్చాడు. గీకి చూస్తే దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. రాయల కాలంలో ఇంగ్లీషేమిటని నిలదీశాను. పోర్చుగీసు వాళ్ళు గుర్రాలతో పాటు తెచ్చారన్నాడు. తిరిగి వస్తూ ఆటోలో ఆలోచిస్తే, అది జరగకూడనిదేమీ కాదనిపించింది.

చెప్పులకని దాచుకున్న డబ్బుతో కొన్నాను. గులాబీలు పీకి నేలకేసి కొట్టాను. ఆదినారాయణ వాటిని ఏరుకుని, దులిపి, పక్కనున్న లాంతరు గొట్టంలో గుచ్చాడు.

ఫిబ్రవరి 9

చర్చి అయ్యాక అక్క, పాల్ బావ భోజనానికి వచ్చారు. బావ తినడానికి రాలేదు, షెడ్డు కొలవడానికి వచ్చాడు. ఆ తర్వాత తిన్నాడు కూడా.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన రౌటర్ మిషను పెడతాడట. కంప్యూటర్లో బొమ్మ పెడితే తలుపు మీద అదే చెక్కుతుందట. గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు, వెంకటేశ్వరస్వామి, నెమలి, ఏది కావాలంటే అది. మనిషి స్విచ్చి వేసి కూర్చోవడమే.

"కూర్చుంటే చేతులు ఏమైపోతాయి?" అన్నాను. శ్రమ గురించి నేను రోజూ చదివే ఆకుపచ్చ అట్ట పుస్తకం ఆరో పేజీలో ఉన్నదంతా చెప్పాను. చెయ్యి పని మానేసిన నాడు మనిషి సగం చచ్చినట్టేనని చెప్పాను. బావ కోడికాలు పట్టుకుని విన్నాడు.

నాయన మాత్రం తినడం ఆపలేదు. 'వరప్రసాదం ఉడ్ వర్క్స్' అని బోర్డు పెట్టుకున్న మనిషి దగ్గర చేతి తోపడా ఒక్కటి లేదు. తాత కాలంవి పొయ్యిలోకి పోయాయి. ఇప్పుడంతా కరెంటు మిషనే. నాయన స్విచ్చి వేస్తే బస్టాండు దాకా వినపడుతుంది.

"నీ తోపడాలు ఎవుడు వాడతాడురా ఈ కాలంలో?" అన్నాడు.

నేను అన్నం వదిలి లేచాను. సుద్దముక్క తీసుకుని షెడ్డు తలుపు మీద రాశాను: 'ఈ షెడ్డులో బాగుపడిన తోపడాను ఒక శ్రమజీవి రోజూ తన చేత్తో నడిపి, దాని మీద అన్నం తిననాడు ఈ షెడ్డు యేసుబాబుది.' కోపంలో 'తిన్ననాడు' అనాల్సింది 'తిననాడు' అని పడింది. కరుణశ్రీ అక్క దిద్దింది.

నాయన చెయ్యి కడుక్కుని వచ్చి చదివాడు. "మే నెలాఖరు దాకా చూస్తా. ఒక్కడంటే ఒక్కడు. లేకపోతే ఇక్కడ మిషను కూర్చుంటాది, నువ్వు మీ బావ ప్లైవుడ్ కొట్లో కూర్చుంటావు."

"ఒక్కడేంది నాయనా! తాలూకా అంతా లేస్తాది."

"ముందు నువ్వు పొద్దున్నే లెయ్యి" అన్నాడు.

ఫిబ్రవరి 10

తెల్లవారకముందే లేచాను. నాయన చూడలేదు.

ఫిబ్రవరి 13

తుప్పు వదలాలంటే బ్లేడును పులుపులో నానబెట్టాలి. లిదియమ్మ అవ్వ డబ్బాలో చింతపండు ఉంది. అవ్వ చారు కోసం నానేసుకున్న గిన్నె, నేను బ్లేడు నానేసిన గిన్నె ఒకే రకంవి. నా తప్పేమీ లేదు.

"ఒరే యేసూ, చారు ఇనుము వాసనొస్తా ఉండాదేందిరా?"

ఇనుము ఒంటికి మంచిదని చెప్పాను. అవ్వ మంచిదేనని తాగింది. నాయన తాగలేదు.

దిమ్మ అడుగుభాగం నున్నగా చదునుగా ఉండాలి. దానికి చదునైన అద్దం మీద గరుకు కాగితం అంటించి రుద్దాలి. మా ఇంట్లో చదునైన అద్దం ఒక్కటే, బావ కొనిచ్చిన టీపాయ్‌ది. అద్దం తీసుకుని, ఖాళీ టీపాయ్ చట్రం మీద గుడ్డ కప్పి పెట్టాను. ఎవరూ కాఫీ పెట్టకపోతే ఏమీ కాదు.

ఫిబ్రవరి 14

బావ కాఫీ పెట్టాడు.

ఫిబ్రవరి 18

ఈ రోజు గురించి సరిగ్గా రాయాలి.

బ్లేడు మీద తుప్పు పోయింది. లోపల ఉక్కు బూడిద రంగులో, నిద్ర లేచిన మనిషి ముఖంలా ఉంది. సానరాయి మీద నూనె వేసి పొద్దంతా నూరాను. ముంచేతి మీద ఆనించి గీస్తే వెంట్రుకలు రాలాయి. దిమ్మకు పట్టించడానికి అవిసె నూనె దొరకలేదు, అవ్వ తలకు రాసుకునే కొబ్బరినూనె పట్టించాను. బ్లేడు దించి, దాన్ని పట్టి ఉంచే కర్ర చీల బిగించి, ఒక టేకు ముక్క మీద పెట్టి తోశాను.

కీచుమంది. గీరింది. ఆగింది. చీల వదులు చేసి, బ్లేడును గోరంత వెనక్కి తట్టి, మళ్ళీ తోశాను.

ఈసారి చప్పుడు మారింది. పట్టుచీర మడత విప్పినప్పుడు వస్తుంది చూడు, అలాంటి చప్పుడు. తోపడా నోట్లోంచి ఉల్లిపొర లాంటి పొట్టు చుట్టలు చుట్టలుగా పైకి లేచి నా మణికట్టు మీద పడింది. దాన్ని ఆకుపచ్చ అట్ట పుస్తకం మీద పెడితే కింద అక్షరాలు కనిపించాయి. టేకు ముక్క మీద వేలు పెడితే జారింది.

కాసేపు ఏ పేజీ గుర్తు రాలేదు నాకు. మళ్ళీ తోశాను. మళ్ళీ తోశాను. అవ్వ వచ్చి చూసేసరికి టేకు ముక్క స్కేలంత మిగిలింది.

"దేనికిరా అది?" అంది.

దేనికీ కాదని చెప్పడానికి ఇష్టం లేక, స్కేలే అన్నాను.

ఫిబ్రవరి 22

అనంతసాగరం వెళ్ళి నారాయణయ్యకు ఇచ్చాను. పెద్ద వడ్రంగి. ఆయన ముంగిట్లో నిలబడి పావుగంట మాట్లాడాను. షేర్ ఆటోవాళ్ళు కూడా ఆగి విన్నారు. పనిముట్టు తిరిగి శ్రామికుడి చేతికి చేరుతున్న ఘడియ అన్నాను. నారాయణయ్య రెండు చేతులతో అందుకుని "మంచిది నాయనా, మంచిది" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంట్లో ఎండుమిరపకాయలు దంచుతున్నారు, అయినా సరే, చెమర్చాయి.

ఉద్యమం మొదలైంది.

మార్చి 5

ఆదినారాయణ దగ్గర ఇంకో రెండు దొరికాయి. ఒకదాన్ని తలుపు జారకుండా అడ్డం పెట్టుకున్నాడు. నాలుగు మాటలన్నాను. "నువ్వు రాకముందు ఈటిని అడిగినోడు లేడబ్బయా, నువ్వే నా గిరాకీ" అన్నాడు, మెచ్చుకుంటున్నట్టు.

రెండోది చిన్నది, సన్నది. ఇరుగుడు కర్ర. చేతిలో పట్టుకుంటే పావురాన్ని పట్టుకున్నట్టు ఉంది. చేయాలనుకున్నదాని కంటే ఎక్కువ రోజులు చేస్తానేమో దీన్ని.

మార్చి 12

పెద్దదాన్ని కలిగిరి వడ్రంగి రామనారాయణకు ఇచ్చాను. ఆయన ఫోన్‌లో ఉండి, చేత్తో అక్కడ పెట్టమని సైగ చేశాడు. నా ప్రసంగం ఫోన్ అవతలివాళ్ళు కూడా వినే ఉంటారు.

సన్నదాన్ని మన ఊళ్ళోనే, బస్టాండు వెనక ఉండే వడ్రంగి శ్రీకాంత్‌కు ఇచ్చాను. ఇవ్వబుద్ధి కాలేదు. అయినా ఉద్యమంలో ఇష్టాయిష్టాలు ఉండకూడదు. శ్రీకాంత్ తీసుకుని గడప పక్కన పెట్టాడు. వాళ్ళావిడ చెంచులక్ష్మి లోపల్నుంచి వచ్చి తోపడాను ఎత్తి, తిప్పి, బ్లేడును వేలితో తాకింది.

"బాగా తెగుతాదా?"

"వెంట్రుక తెగుతుందక్కా."

"తడిస్తే?"

"తడపకూడదు. తుప్పు పడుతుంది."

"ఊఁ" అంది. తిరగేసి, అడుగుభాగాన్ని చాలాసేపు చూసింది. ఆ చూపులో నాకు చైతన్యం కనిపించింది. ఇలాంటి ఒక్క ఇల్లు చాలు.

మార్చి 17

ఇవాళ ఉదయగిరిలో అద్భుతం. ఆదినారాయణ దగ్గరికి ఇంకో తోపడా వచ్చింది. దీనికి కూడా ఎడమ పక్క మేక కన్ను లాంటి ముడి ఉంది! ఆ కాలం వడ్రంగులు కన్నున్న కర్రను ఏరికోరి వాడేవారన్నమాట. ఎడమ పక్కకే రావాలని నియమం కూడా ఉండేదేమో. దీని మీద ఒక వ్యాసం రాయాలి.

ఇంకో సంగతి. పైన మట్టి, పేడ, టీ డికాక్షన్ వాసన ఉన్నా, లోపల కొబ్బరినూనె వాసన వస్తోంది. నేను ఏదో దొరక్క వాడాననుకున్నాను గానీ, సంప్రదాయమే అది. నా చేతులకు ముందే తెలుసు.

మార్చి 21

ఈ తోపడా చాలా తొందరగా బాగుపడింది. తుప్పు పైపైనే ఉంది. పాత ఉక్కు అంటే అదీ.

షెడ్డులోకి అవ్వ వచ్చి చూసింది. "ఇది పోయిన నెల నా చింతపండులో పండుకున్నదే కదరా?"

అవ్వకు చూపు మందగిస్తోంది. నెల్లూరు తీసుకెళ్ళి కళ్ళు చూపించాలి.

మార్చి 24

కన్ను తోపడాను కొండాపురంలో ఒకాయనకు ఇచ్చాను. "మీరేనా ఆ అబ్బాయి!" అన్నాడు సంతోషంగా. పేరు పాకిపోతోంది. ఇకమీదట ప్రతి తోపడా లోపల, బ్లేడు కూర్చునే చోట, 'యే' అని చిన్న అక్షరం కాలుస్తాను. ఇచ్చేముందు దీనికి కాల్చాను. కీర్తి కోసం కాదు.

ఏప్రిల్ 2

నాయన: "ఎవుడైనా వాడుతుండాడా?"

నేను: "నిశ్శబ్దంగా వాడుతున్నారు."

నాయన: "అవును, చప్పుడైతే రాలా."

ఏప్రిల్ 12

కోపంగా లేను. ముందు ఆ సంగతి రాసి పెట్టుకుంటున్నాను.

ఆదినారాయణ ఇవాళ నా కోసం ప్రత్యేకంగా దాచానంటూ ఒక తోపడా తీశాడు. "ఇది వేరేరా. అసలు సిసలు పోర్చుగీసోళ్ళది." ఎడమ పక్క కన్ను. బ్లేడు తీసి లోపల చూశాను. పేడ కింద 'యే'.

పోర్చుగీసు వాళ్ళలో యేసుబాబు ఎవరో కాసేపు నిజంగానే ఆలోచించాను.

తర్వాత కొట్టు దద్దరిల్లేలా అరిచాను. ఆదినారాయణ నాకు స్టూలు వేశాడు. సోడా తెప్పించాడు. ఏమీ దాచలేదు, దాచాల్సిన సంగతేదీ అతనికి కనిపించలేదు.

"నువ్వు ఇస్తుండావు, వాళ్ళు నాకాడికి తెస్తుండారు. నేను పేడనీళ్ళల్లో ముంచి, డికాక్షన్ పోసి, గొలుసుతో నాలుగు బాది ముసల్దాన్ని చేస్తా. నువ్వు తీసకపొయ్యి మళ్ళా వయసు తెప్పిస్తావు. నష్టపోయింది ఎవురురా ఇందులో?"

"నేను!"

"నీకేంది నష్టం? చేతినిండా పని దొరికింది. చెయ్యి పనేగా నీకు కావాల్సింది?"

ఆరో పేజీని నా మీదికే తిప్పాడు. పొరపాటున నేనే ఒకరోజు అతనికి చదివి వినిపించాను.

లేచి వస్తుంటే వెనకనుంచి అన్నాడు. "ఆ ఇరుగుడుది ఒకటుండె చూడు, సన్నది, నాజూగ్గా. అది మాత్రం పోయింది పోయినట్టే రాలా. దొరికితే చెప్పు. మంచి రేటు ఇప్పిస్తా."

ఏప్రిల్ 14

అనంతసాగరం వెళ్ళాను. నారాయణయ్య మిషను ఆపి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పాడు. "నువ్వు అంత ఎండలో వచ్చి, అంతసేపు మాట్లాడితివి. వద్దంటే బాధపడతావని పుచ్చుకున్నా నాయనా. నా భుజం పోయి చానా కాలమైంది, నేను తొయ్యలేను. నువ్వు మళ్ళా వస్తే మళ్ళా పుచ్చుకుంటా."

తిట్టడానికి వెళ్ళినవాడికి నీళ్ళిస్తే ఎలా తిడతాడు? ఆటోలో కూర్చున్నాక తిట్టాను. డ్రైవరు తననే అనుకున్నాడు.

ఏప్రిల్ 15

శ్రీకాంత్ ఇంటికి వెళ్ళాను. అల్యూమినియం కిటికీల పనికి వెళ్తున్నాడట ఇప్పుడు. తోపడా ఏదంటే గోడ వైపు చూశాడు.

"అమ్ముకున్నావా?"

"అమ్ముకుందామనే అనుకున్నా. లేదు... ఇంట్లో లేదులే. పనుండాది, పోతా" అని బండెక్కాడు.

పొయ్యిలో పెట్టి ఉంటారు. పావురం లాంటి తోపడాను.

ఏప్రిల్ 18

గుడ్ ఫ్రైడే. క్షమించడం గురించి మధ్యాహ్నమంతా విన్నాను. రామనారాయణను క్షమించలేదు. శ్రీకాంత్‌ను అసలే క్షమించలేదు.

ఏప్రిల్ 29

ఎండ. ఏమీ చేయలేదు.

మే 4

బావ షెడ్డు గోడకు ప్లగ్ పాయింట్లు గుర్తు పెట్టాడు. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను. "నిద్రపోతుండాడు పాపం" అన్నాడు అక్కతో, మెల్లగా. ఆయన మంచివాడైతే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

మే 9

కూర్చోబుద్ధి కావడం లేదు. నిలబడే రాస్తాను.

బస్టాండులో ఐస్ గోలా బండి ఉంది. చుట్టూ జనం. కావలి బస్సు దిగిన పిల్లలు, కండక్టర్లు, చీరకొంగు నెత్తిన వేసుకున్న ఆడవాళ్ళు. బండి మీద ఏదో చప్పుడు. పట్టుచీర మడత విప్పినట్టు. ఆ చప్పుడు నాకు తెలుసు.

జనాన్ని నెట్టుకుని వెళ్ళాను. బండి మీద రెండు మేకుల మధ్య బిగించి, కడుపు పైకి, వీపు కిందికి పెట్టి, నా ఇరుగుడు తోపడా! దాని మీద గోనెగుడ్డ చుట్టిన ఐసుదిమ్మను ముందుకు తోస్తోంది చెంచులక్ష్మి. బ్లేడు తగిలిన ఐసు పిండిలా రాలి కింద గిన్నెలో పడుతోంది. పుల్ల చుట్టూ దాన్ని ముద్ద చేసి, రంగు పోసి, ఒక పిల్లవాడి చేతిలో పెట్టింది.

"అక్కా! ఏంది నువ్వు చేస్తుండేది? అది దేవుడి లాంటి పనిముట్టు! దాన్ని తిరగేసి, తడిపి..."

ఆమె చెయ్యి ఆపలేదు. "వచ్చినావా? నీ కోసమే చూస్తుండా. బ్లేడు మొద్దుబారి వారమైంది. ఇచ్చేసి పోతే అయిపోయిందా? పదును ఎవురు పెడతారు?"

"పదునా! ఐసుకా నేను పదును పెట్టేది? ఇది శ్రమ కోసం ఇచ్చినా!"

అప్పుడు ఆపింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొద్దున్నుంచి ఈ ఎండలో నిలబడి తోస్తుండా. భుజం పడిపోతుండాది. ఇది శ్రమ గాకపోతే ఏందబ్బయా? మా ఆయన దీన్ని ఉదయగిరిలో అమ్ముతానని బయల్దేరితే, బస్సు కాడికి పోయి లాక్కొచ్చినా. పని చేసేది అమ్ముకుంటావా అన్నా. నువ్వొచ్చి నన్ను తిడతుండావు."

జనం నన్ను చూస్తున్నారు. ఒక కండక్టరు "పక్కకి జరుగు బాసూ, బస్సు కదలతాది" అన్నాడు.

"ఎండకు తల తిరిగినట్టుండాది నీకు. ఒకటి తిను" అంది ఆమె. "ఏ రంగు?"

"ఎరుపు" అన్నాను. నేను ఎప్పుడూ ఎరుపే.

"ఎరుపు అయిపోయింది. ఆరెంజి ఉండాది."

తినకుండా వచ్చేశాను. ఇది అవమానం. ఉద్యమానికీ, ఇరుగుడు కర్రకూ.

మే 10

ఆకుపచ్చ అట్ట పుస్తకం అంతా మళ్ళీ చదివాను. నీలం అట్టది కూడా. ఐసు గురించి ఎక్కడా లేదు. ఐసు పని కాదనీ ఎక్కడా లేదు.

మే 11

అవ్వ పొద్దున్నే అడిగింది, రాత్రి నిద్రలో 'మొద్దుబారింది, మొద్దుబారింది' అని ఎందుకు కలవరించావని.

మే 12

సానరాయి జేబులో వేసుకుని, ఊరికే, బస్టాండు వైపు వెళ్ళాను.

బ్లేడు పరిస్థితి ఘోరం. చీల నీటికి ఉబ్బి బిగుసుకుపోయింది. బండి పక్కన అరుగు మీద కూర్చుని నూరాను. చర్చిలో మిగిలిన కొవ్వొత్తులు తెచ్చి, కరిగించి, దిమ్మకు బాగా పట్టించాను. ఇక నీళ్ళు లోపలికి పోవు. చీలను కొంచెం చెక్కాను. మళ్ళీ బిగించి, "తొయ్యక్కా" అన్నాను.

ఐసు పిండిలా రాలేదు. అంతకంటే సన్నగా, పొరలు పొరలుగా వచ్చింది. ఉల్లిపొర. ఆమె దాన్ని వేలి మీద పెట్టుకుని చూస్తుండగానే కరిగిపోయింది.

"ఇది బాగుండాది" అంది. ఒక్క మాటే.

తోపడా పుచ్చుకున్న వాళ్ళలో ఒకరు మంచిదన్నారు, ఒకరు సైగ చేశారు. బాగుండాది అన్నది మాత్రం ఈమె ఒక్కతే.

ఆరెంజి తిన్నాను. అన్యాయంగా ఏమీ లేదు.

మే 16

రోజు విడిచి రోజు బ్లేడు మారుస్తున్నాను. ఆదినారాయణ దగ్గర తెచ్చిన ఇంకో బ్లేడు కొలతకు సరిపోయింది. ఒకటి బండి మీద ఉంటే ఒకటి నా సానరాయి మీద.

నాయనకు చెప్పలేదు. తాలూకా అంతా లేస్తుందని చెప్పి, ఇప్పుడు ఐస్ గోలా అని ఎలా చెప్పడం? దానికంటే ప్లైవుడ్ కొట్టే నయం.

మే 20

బావ మిషను లారీలో ఈ నెల ముప్పై ఒకటిన వస్తుందట. బావ షెడ్డు తలుపు తుడవబోతే నాయన వద్దన్నాడు. "గడువు దాకా ఉండనీ. వాడు రాసిందే కదా."

చెంచులక్ష్మక్కతో అన్నాను, ఇంక నేను పదును పెట్టడానికి రాలేనని. కొట్లో కూర్చోవాలని. సంగతి అంతా రాబట్టింది. విని, ఐసుదిమ్మను గోనెలోకి తోసేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అంటే నా పని చెప్పుకోడానికి నీకు సిగ్గు."

"అట్టా కాదక్కా..."

"ఎట్టా మరి? వడ్రంగోళ్ళు నీ తోపడా అటక మీద పెడితే నీకు గొప్ప. నేను దాని మీద బతుకుతుంటే నీకు నామర్దా. తీసకరా మీ నాయన్ని. నేను చెప్తా."

మే 25, ఆదివారం

చర్చి అవగానే అందరినీ బస్టాండుకు తీసుకెళ్ళాను. ఎందుకో చెప్పలేదు. తెల్లచీరలో అవ్వ, టక్ చేసుకున్న బావ, బైబిలు పట్టుకున్న అక్క, నాయన. బండి ముందు వరసగా నిలబడ్డారు.

నాయన బండిని చూడలేదు, చప్పుడు విన్నాడు. తల అటు తిప్పాడు. దగ్గరికి వెళ్ళి వంగి, తిరగేసి ఉన్న తోపడాను చూశాడు. అడుగుభాగం మీద వేలు పొడుగునా నడిపాడు.

"అడుగు ఎవురు చదును చేసింది?"

"నేనే."

"దేని మీద?"

బావ ముందు చెప్పలేక, చదునైన దాని మీదే అన్నాను. బావకు మాత్రం టీపాయ్ గుర్తొచ్చినట్టుంది.

"మామా, ఇది ఐసు!" అన్నాడు. "కర్ర కాదు! చెల్లదు!"

"తలుపు మీద కర్ర అని రాసుండాదా?" అన్నాడు నాయన.

అక్క, దిద్దింది కాబట్టి, "లేదు నాయనా. శ్రమజీవి అని ఉండాది" అంది.

నాయన చెంచులక్ష్మి వైపు తిరిగాడు. "అమ్మా, రోజూ నడుపుతుండావా దీన్ని?"

"రోజూ పెద్దయ్యా. కరెంటు పోయిన రోజు ఇంకా ఎక్కువ."

"దీని మీదే జరుగుతుండాదా?"

"మా ఆయన కిటికీల డబ్బులు యాడికి పోతాయో ఆ కిటికీలకే తెలవాల. ఇంట్లో పొయ్యి మాత్రం దీని మీదే వెలుగుతుండాది."

నాయన చొక్కా చేతులు మడిచాడు. "ఒకసారి జరుగమ్మా" అన్నాడు. ఐసుదిమ్మను రెండు చేతులతో పట్టుకుని తోశాడు. నాయన చేతులు మిషను పిడి మీద తప్ప నేను ఎప్పుడూ చూడలేదు. ఎడమ కాలు ముందుకు వచ్చింది. నడుం నుంచి కదిలాడు, భుజం నుంచి కాదు. ఇంత చక్కగా తొయ్యడం వచ్చినవాడు మా ఇంట్లోనే ఉంటే నేను అనంతసాగరం ఎందుకు వెళ్ళానో! గిన్నె నిండింది. ఇంకా తోస్తున్నాడు. గిన్నె మీద గుట్ట అయింది.

"మామా" అన్నాడు బావ.

"ఉండు" అన్నాడు నాయన.

"పెద్దయ్యా, నా ఐసు!" అని చెంచులక్ష్మి అరిచాక ఆపాడు. చేతులు దులుపుకుంటూ నాతో అన్నాడు. "నోరు అరగతుండాది. సన్నగా ఇత్తడి రేకు కొట్టు. లేకపోతే వచ్చే ఎండాకాలానికి పనికిరాదు."

వచ్చే ఎండాకాలం.

"మరి నా మిషను?" అన్నాడు బావ.

"నీ కొట్లో పెట్టుకో పాలూ. షెడ్డులో మనిషి పని చేసుకుంటుండాడు."

నేను ఏదో మాట్లాడబోయాను. చాలా మాటలు వచ్చాయి. ఆరో పేజీ మొత్తం వచ్చింది. అవ్వ నా చెయ్యి పట్టుకుని లాగింది. "నువ్వు గమ్మునుండరా యేసూ. ఆ గుట్ట కరిగిపోతుండాది. అమ్మాయ్, అందరికీ పుల్లలు పెట్టు. నాకు పచ్చరంగుది."

బావ కూడా తిన్నాడు. రెండు.

మే 28

చెంచులక్ష్మక్క చెల్లెలు కలిగిరి బస్టాండులో బండి పెడుతుందట. కొండాపురం నుంచి ఇంకొకామె వచ్చి అడిగి వెళ్ళింది. అందరికీ తోపడాలు కావాలి, నీటికి తట్టుకునేవి, ఇత్తడి నోటివి. నాయన రేకు కత్తిరించి ఇచ్చాడు. అడగకుండానే.

ఉదయగిరి వెళ్ళాను. ఆదినారాయణ నన్ను దూరం నుంచే చూసి, కన్ను తోపడాలోంచి గులాబీలు పీకేసి తుడిచి పెట్టాడు. ఎందుకు కావాలో చెప్పాను. విన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, తోపడాను రెండు చేతులతో నా ముందుకు జరిపాడు.

"ఇదిరా అది. ఎండాకాలం దుర్గం మీద రాయలవారికి ఐసు కొట్టి ఇచ్చిన తోపడా."

మొదటిసారి నేను అతనితో వాదించలేదు. ఏ రంగు తినేవారని మాత్రం అడిగాను.